కుంకుమ బొట్టు పెట్టిన డాలర్లు

గాజు అద్దం అవతల కూర్చున్న ఆవిడ మా వంద డాలర్ల నోటును కొసలు పట్టుకుని పైకెత్తింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఆ తర్వాత మా నాన్న మొహంలోకి చూడకుండా, గుమ్మం దగ్గర నిలబడ్డ గార్డును కళ్ళతోనే పిలిచింది. నాన్న నవ్వాడు. ఆఫీసు నుంచి మేనేజర్ ఫోన్ చేసినప్పుడు నవ్వే నవ్వు అది. ఏదో తేడా జరిగిందని నాకు సరిగ్గా అప్పుడు తెలిసింది. నాకు తొమ్మిదేళ్ళు. నా చేతిలో చెల్లెలు స్రవంతి చెయ్యి చెమటకి జారిపోతోంది. అమ్మ మా ఇద్దర్నీ తన వెనక్కి లాక్కుని, "ఏం లేదమ్మా" అంది. నిజంగా ఏమీ లేనప్పుడు మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు.

ఇదంతా మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం మా నాన్నే. స్ప్రింగ్ బ్రేక్ సెలవులకి మేము పిల్లలతో కోస్టారికా వెళ్తున్నామని తెలిసి, ప్రయాణానికి ముందురోజు సాయంత్రం డాలస్‌కి ఒక పక్కనున్న ఇర్వింగ్ నుంచి ఇంకో పక్కనున్న ప్లేనోలో మా ఇంటికి కారు నడుపుకుంటూ వచ్చాడు. టోల్ రోడ్డు ఎక్కడు కాబట్టి రావాల్సిన దానికి రెట్టింపు సమయం పట్టింది. కాఫీ అయినా తాగకుండా మొదలుపెట్టాడు. ఎయిర్‌పోర్టులో డబ్బు మార్చకూడదు. వీధి మూల కొట్లో ఉండే మెషిన్ జోలికి పోకుండా, అసలైన బ్యాంకుకి చెందిన ఏటీఎం వెతుక్కోవాలి. తీసిన ప్రతిసారీ ఫీజు పడుతుంది కాబట్టి రోజుకి కాస్త చొప్పున తీయకుండా ఒకేసారి తీసుకోవాలి. డాలర్లలో లెక్క కట్టమంటారా అని మెషిన్ చాలా మర్యాదగా అడుగుతుంది, ఆ మర్యాదకి పడిపోకుండా వద్దని నొక్కాలి, లేకపోతే దాని ఇష్టమొచ్చిన రేటు వేసుకుంటుంది. రెండు బ్యాంకుల కార్డులు రెండు వేర్వేరు సంచుల్లో ఉండాలి. మా ఆయన ప్రణీత్ ఫోన్‌లోంచి తలెత్తకుండా, "అక్కడ అన్నీ ట్యాప్ చేస్తే అయిపోతాయి మావయ్యా" అన్నాడు. "ట్యాప్ చేస్తే అవ్వని రోజు గురించే చెప్తున్నా ప్రణీత్" అన్నాడు నాన్న. అసలే నాది చిన్నదానికీ కంగారుపడే ప్రాణం. నాన్న తన వంతు సాయం చేసి, మళ్ళీ టోల్ లేని దారినే వెళ్ళిపోయాడు. పిల్లలు పడుకున్నాక నిద్ర రాక, మూత పడని సూట్‌కేసు పక్కన కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను.

నాన్న పిసినారి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇంటికొచ్చిన వాళ్ళకి రెండోసారి వడ్డించకుండా పంపిన మనిషి కాదు. ఆయనకి నచ్చనిది ఫీజు. వస్తువుకి డబ్బివ్వడం ఆయనకి సంతోషమే, డబ్బుకి డబ్బివ్వడం మాత్రం అవమానం. మేము ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండే రోజుల్లో ఆదివారం పొద్దున మా డైనింగ్ టేబుల్ మీద ఇడ్లీ వాసనతో పాటు న్యూస్‌పేపర్ సిరా వాసన కూడా ఉండేది. కూపన్లు కత్తిరించడం ఆయన పని, అవి ఏ కొట్టువో విడదీయడం నా పని, వాటి మీద చట్నీ వెయ్యడం స్రవంతి పని. ఇండియాకి ఫోన్ చేసే కాలింగ్ కార్డుల్లో నిమిషానికి ఎంత పడుతుందో, కనెక్ట్ అయినందుకు ఎంత కోస్తారో అంతా ఆయనకి నోటికి వచ్చు. అమ్మమ్మతో మాట్లాడుతుంటే వెనకాల నిలబడి వేలు తిప్పేవాడు, ఇంకో నిమిషంలోకి పోకుండా ముగించమని. "మీ అల్లుడు గారు వెనకాల ట్రాఫిక్ పోలీసులా నుంచున్నారు, ఉంటానమ్మా" అని అమ్మ పెట్టేసేది.

అలాంటి మనిషికి మెక్సికో ప్రయాణం పడింది. అప్పట్లో టెక్సస్‌లో ఉండే మాబోటి కుటుంబాలకి వీసా గడువు తీరినప్పుడు స్టాంపింగ్ అనే తంతు ఒకటి ఉండేది. కొత్త వీసా పాస్‌పోర్టులో ముద్ర పడాలంటే దేశం దాటి బయటికెళ్ళి, అక్కడి అమెరికా కాన్సులేట్‌లో వేయించుకుని రావాలి. ఇండియా దాకా వెళ్తే టికెట్లు, సెలవులు. మెక్సికోలో మాంటెరే అయితే సరిహద్దు దాకా కారు, అక్కణ్ణుంచి బస్సు. అందరూ అక్కడికే వెళ్ళేవారు. వీసా ఫీజు మాత్రం ముందురోజే ఆ ఊరి బ్యాంకులో, అక్కడి డబ్బు పెసోల్లో, నగదుగా కట్టాలి. ఆ రసీదు లేకుండా లోపలికి రానివ్వరు. నాన్న ఇదంతా నెల ముందే చదివాడు. తన కార్డుతో అక్కడ డబ్బు తీస్తే మన బ్యాంకు ఒక ఫీజు, వాళ్ళ బ్యాంకు ఒక ఫీజు, పైన విదేశంలో వాడినందుకు ఇంకొంత. డాలర్లు తీసుకెళ్ళి ఊళ్ళో మార్చుకుంటే మంచి రేటు. కొత్త నోట్లు, పెద్ద నోట్లు అయితే ఇంకా మంచి రేటు. అందుకని బ్యాంకులో అడిగి మరీ మడత పడని నోట్లు తెచ్చాడు. అట్టముక్కల మధ్య పెట్టి తెచ్చాడు, పెళ్ళి ఫొటోల్లాగా.

ఆ నోట్ల సంగతి అమ్మకి చెప్పి దాచమన్నాడు. అమ్మ ఏ ముఖ్యమైన వస్తువునైనా దాచే చోటు ఒకటే. మా అపార్ట్‌మెంట్‌లో కోట్లు తగిలించే అలమరలో పై అర ఆవిడ దేవుడి గది. శుక్రవారం పూజంటే ముందు హాల్లో స్మోక్ అలారానికి తడి తువ్వాలు కట్టేది, తర్వాత అగరొత్తి వెలిగించేది. కోట్లన్నిటికీ ఎప్పుడూ కర్పూరం వాసనే. చలికాలంలో స్కూలుకి వెళ్తే మా టీచరు నా కోటు దగ్గర ఒక్క క్షణం ఆగి, ఏమీ అనకుండా వెళ్ళేది. మేము బయల్దేరే ముందు శుక్రవారం పూజ వచ్చింది. డబ్బు దేవుడి ముందు ఉంది, పైగా వీసా పని మీద వెళ్తోంది. అమ్మ లక్ష్మీదేవికి బొట్టు పెట్టి, అదే వేలితో నోటుకి పసుపూ కుంకుమా పెట్టింది. పై నోటుకి ఒక్కదానికి పెడితే చాలు కదా అని నేనంటే, మిగిలినవి ఏం పాపం చేశాయి అంది. అన్నిటికీ పెట్టింది. పెట్టి, ఎప్పటిలాగా అట్టల మధ్య సర్ది, తనే కుట్టిన గుడ్డ సంచిలో వేసి, బయల్దేరే రోజు నాన్న చొక్కా లోపల నడుముకి కట్టింది. మాంటెరేలో బస్సు దిగేసరికి ఎండ మాడుతోంది. నాన్న చెమట సంచిలోకి దిగింది, సంచిలోంచి నోట్లలోకి దిగింది, గుండ్రంగా పెట్టిన బొట్టు కాస్తా కారి, నోటు మీది పెద్దాయన చెంపల మీదుగా కిందికొచ్చింది.

బ్యాంకుల్లో దోపిడీ జరిగితే దొంగ సంచిలో ఎర్రరంగు పేలేలా ఏర్పాటు ఉంటుందని, రంగు పడ్డ నోటు ఎవరు తెచ్చినా అనుమానిస్తారని నాకు కాలేజీకి వెళ్ళాక తెలిసింది. గార్డుకి ఆరోజే తెలుసు. అతను వచ్చి నోట్లు తిరగేసి, మా నాన్నని పైనుంచి కిందిదాకా చూశాడు. ఇన్‌షర్ట్, మెడలో పాస్‌పోర్ట్ పౌచ్, ఒక చేతిలో అట్టముక్కలు, వెనకాల పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు. దొంగగా ఊహించుకోవడానికి అతను బాగానే ప్రయత్నించాడు. నాన్న ఇంగ్లీషులో దేవుడు, ప్రార్థన, శుక్రవారం అని చెప్పాడు. వాళ్ళిద్దరికీ ఒక్క ముక్కా అర్థం కాలేదు. అప్పుడు అమ్మ ముందుకొచ్చి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కుంకుమ భరిణె తీసింది. నా గడ్డం పట్టుకుని మొహం గాజు వైపు తిప్పి, నా నుదుటి మీద ఒక బొట్టు పెట్టింది. తర్వాత నోటు చూపించింది. మళ్ళీ నన్ను చూపించింది. గార్డు నవ్వేశాడు. గాజు వెనక ఆవిడ కూడా నవ్వి, నోట్లు మాత్రం కిటికీ కిందనుంచి వెనక్కి తోసింది. మరకలున్నవి తీసుకోరట. ఇంకో రెండు చోట్ల కూడా అదే మాట. మూడోచోట నన్ను ముందుకు నెట్టే పని లేకుండానే నేను నుదురు చూపించాను. అయినా లాభం లేకపోయింది.

ఇక ఏటీఎం. తను జన్మలో వాడనని ఒట్టు పెట్టుకున్న మెషిన్ ముందు నాన్న చెప్పులు విప్పకుండా మిగతా భక్తి అంతా చూపించి నిలబడ్డాడు. కార్డు పెట్టాడు, ఫీజు ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటున్నప్పుడు ఆయన వేలు ఎంత నెమ్మదిగా కదిలిందో నాకింకా గుర్తుంది. మెషిన్ కుదరదంది. వాడే ఉద్దేశమే లేదు కాబట్టి దేశం దాటుతున్నట్టు బ్యాంకుకి చెప్పలేదు. అక్కడ ఆ కార్డు ఎవరో దొంగిలించి తెచ్చిందన్నట్టు లెక్క. కార్డు వెనక ఉన్న ఫ్రీ నంబరు ఆ దేశం నుంచి కలవలేదు. రెండో కార్డు ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంది, మెక్సికోలో పోతుందేమో అని.

హోటల్ గదికి వచ్చాం. మాకు తెలియకూడని విషయాలు మాట్లాడుకోవడానికి అమ్మానాన్నలు హిందీ వాడేవాళ్ళు. ఇంగ్లీషు మాకు వాళ్ళకన్నా బాగా వచ్చేసింది కాబట్టి వాళ్ళకి మిగిలిన దాపరికం అదొక్కటే. హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కున్న రోజుల్లో సిటీ బస్సుల్లో నేర్చుకున్న హిందీ. సగం తెలుగే, చివర్లో హై ఉండేది. స్రవంతి మంచం మీద గెంతుతోంది. నేను బాత్‌రూమ్ గుమ్మంలో నిలబడి వింటున్నాను. ఆ హిందీ మధ్యలో నాకు తెలిసిన మాటలు రాళ్ళలాగా తేలాయి. బ్యాంకు, నాలుగింటికి, క్లోజ్. అపాయింట్‌మెంట్, కాన్సిల్. మండే, కొత్త జాబ్, నాన్న ఆ సోమవారమే చేరాల్సింది. నా పేరు ఒకసారి, స్కూల్ ఒకసారి. రాళ్ళ మధ్య నేనే వంతెన కట్టుకున్నాను. సాయంత్రం లోపు పెసోలు దొరక్కపోతే రేపు ముద్ర పడదు, ముద్ర పడకపోతే మమ్మల్ని ఇంటికి రానివ్వరు. ఇర్వింగ్‌లో ఉన్న నా మంచం, నా మంచం కింద ఉన్న చెప్పుల డబ్బాలో నా రంగుపెన్సిళ్ళు, స్కూలు బస్సులో నా పక్కన కూర్చునే గ్రేస్. ఎవరికి చెప్పి రాలేదో లెక్కేసుకుంటూ ఏడుపు ఆపుకున్నాను. "ఏం మాట్లాడుకుంటున్నారు" అంటే, ఇద్దరూ ఒకేసారి తెలుగులోకి వచ్చి ఏం లేదన్నారు. హోటల్‌లో ఇంకెవరినైనా అడుగుదామని అమ్మ అంటే, ముక్కూమొహం తెలియని వాళ్ళ తలుపు కొట్టి డబ్బుల్లేవని ఎలా చెప్తాం అన్నాడు నాన్న.

అమ్మ సూట్‌కేసులో చీర చుట్టి తెచ్చిన రైస్ కుక్కర్ తీసి ప్లగ్ పెట్టింది. పిల్లలకి ముందు అన్నం పెట్టాలి, తర్వాతే ఏదైనా అంది. ఆ చిన్న కుక్కర్‌లోనే అన్నం దించి, చింతపండు, చారుపొడి, ఇంగువ వేసి చారు మరగబెట్టింది. కిటికీ తెరుచుకోదు కాబట్టి గది తలుపు బార్లా తెరిచింది. పొగ పోవడానికే తెరిచానని ఇప్పటికీ అంటుంది. ఇంగువ వాసన ఆ హోటల్ కారిడార్లో ఎటు పోవాలో అటు పోయింది. కాసేపటికి గుమ్మంలో ఒక పొడుగాటి కుర్రాడు, తువ్వాలు భుజాన, సగం తడిజుట్టు.

"అక్కా, ఇది చారు వాసననే కదా. రెండు దినాలు అయింది, రొట్టెలల్ల బీన్స్ పెట్టుకొని తింటున్నం."

పేరు సతీష్, వరంగల్ అతను, ప్లేనోలో పని. అదే కారిడార్లో ఇద్దరు స్నేహితులతో దిగాడు. ముగ్గురికీ ఆ పొద్దునే ముద్రలు పడ్డాయి, సాయంత్రం బస్సుకి వెనక్కి వెళ్తున్నారు. నాన్న కూర్చోమని, ఎండల గురించి, డాలస్ ట్రాఫిక్ గురించి, అద్దెల గురించి మాట్లాడాడు. బ్యాంకు మూసే టైము దగ్గర పడుతోంది. ఆయన ఇక డాలస్‌లో పడ్డ వడగళ్ళ గురించి మొదలుపెట్టబోతుంటే, నేను చారు గిన్నె పట్టుకుని నిలబడి, "అంకుల్, మా డబ్బులకి బొట్టుందని ఎవరూ తీసుకోవట్లేదు. మేము ఇంటికి వెళ్ళలేం" అన్నాను.  స్రవంతి గెంతడం మానేసింది.

సతీష్ ముందు తనని అంకుల్ అన్నందుకు బాధపడ్డాడు. పెళ్ళి కూడా కాలేదన్నాడు. ఆ తర్వాత నోట్లు చూపించమని అడిగాడు. నాన్న సంచి విప్పి సిగ్గుపడుతూ ఇచ్చాడు. సతీష్ వాటిని చూసి, నవ్వకుండా, కళ్ళకద్దుకున్నాడు.

"అన్నా, మా ముగ్గురి తాన బొచ్చెడు పెసోలు మిగిలినయ్. సరిపోవేమో అని మూడుసార్లు తీసినం. నీకు పెసోలు కావాలె, మాకు డాలర్లు కావాలె. నడిమిట్ల బ్యాంకోడు ఎందుకు?"

నెలరోజులు రేట్లు చదివిన మనిషికి ఈ మార్గం ఏ వెబ్‌సైట్‌లోనూ కనపడలేదు. పరాయి ఊళ్ళో డబ్బు మార్చుకోవడానికి అన్నిటికన్నా చవకైన దారి, వెళ్ళేవాడికి వచ్చేవాడు ఎదురవడం. నాన్న గొంతు సవరించుకుని, రేటు ఎంత అన్నాడు. నీకెంత అనిపిస్తే అంతే అన్నాడు సతీష్. అదే తప్పయింది. నాన్న జేబులోంచి కాగితం తీసి, కిటికీల దగ్గర రాసుకున్న కొనే రేటు, అమ్మే రేటు రెండూ కలిపి సగం చేశాడు. చేసి, పైసల దగ్గర తనకి లాభం వస్తోందని గమనించి మళ్ళీ చేశాడు. ఇద్దరికీ న్యాయంగా ఉండాలి కదా బాబూ అంటున్నాడు. "ఏవండీ, న్యాయం తర్వాత చేద్దురుగాని, బ్యాంకు మూసేస్తాడు" అంది అమ్మ. మిగతా ఇద్దరు స్నేహితులూ పెసోలు తెచ్చి మంచం మీద పోశారు. అమ్మ ముగ్గురికీ కంచాల్లో వడ్డించింది. నాన్న, సతీష్ మెట్ల మీంచి పరిగెత్తడం నాకు వినపడింది. అన్నం సగం తిని సతీష్ ఎందుకు పరిగెత్తాడంటే, బ్యాంకు దారి తనకి తెలుసు, అన్నకి తెలియదు. షట్టరు సగం దింపుతుంటే లోపలికి దూరారట. రసీదు తెచ్చి నాన్న టీవీ మీద పెట్టి, దాని మీద రిమోట్ బరువు పెట్టి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మర్నాడు ముద్ర పడింది. సోమవారం నేను బస్సెక్కి గ్రేస్ పక్కన కూర్చున్నాను. ఏం చేశావని అడిగితే మెక్సికో వెళ్ళానని చెప్పాను. నీ అదృష్టం అంది.

ఆ తర్వాత కొన్నేళ్ళకి గ్రీన్ కార్డు వచ్చింది, ఇంకొన్నేళ్ళకి అమెరికా పాస్‌పోర్టు వచ్చింది. మా పిల్లలు పుట్టడమే దానితో పుట్టారు. నాకిప్పుడు ఫోన్‌లో రేటు చూపించే యాప్ ఉంది, ఏటీఎం ఫీజు నెలాఖరుకి తిరిగిచ్చేసే కార్డు ఉంది, వెళ్ళే చోట బ్యాంకు మెషిన్ ఎక్కడుందో మ్యాప్‌లో చుక్క పెట్టుకునే వీలుంది. నాన్న కలలో కూడా అడగని సుఖాలివి. మా అబ్బాయి నిహాల్‌కి నగదంటే పన్ను ఊడినప్పుడు దానికి బదులు దేవకన్య పెట్టి వెళ్ళిందని దిండు కింద దొరికేది, అంతే. మొన్న నా పర్సులో ఇరవై డాలర్ల నోటు చూసి, ఇంత పెద్ద పన్ను ఎవరిది అన్నాడు. ఫీజులన్నీ తప్పించుకున్నాం, నిజమే. దాంతోపాటు పక్కగది తలుపూ తప్పించుకున్నాం. మేము బుక్ చేసిన చోట వంటగది ఉంది, తలుపుకి అంకెల తాళం ఉంది, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళి రావచ్చు. వంటవాసన రాకుండా చిమ్నీ ఉందని ప్రణీత్ మెచ్చుకుంటూ చూపించాడు. ఇన్ని ఉన్నా నా గుండె దడ మాత్రం ఆ బాత్‌రూమ్ గుమ్మంలో ఎంతుందో అంతే ఉంది. ఆరోజు డబ్బు లేకపోవడం కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ హిందీయే అని, ఇంతదాకా రాసేసరికి నాకు తెలిసింది. అమ్మానాన్నలు నన్ను కాపాడుతున్నామనే అనుకున్నారు. నేను వాళ్ళు వదిలేసిన ముక్కలన్నీ ఏరుకుని, వాళ్ళకి తెలిసిన దానికన్నా పెద్ద ఆపదని ఒంటరిగా కట్టుకున్నాను.

పొద్దున్నే ఎయిర్‌పోర్టుకి బయల్దేరే ముందు పిల్లలిద్దరూ సీరియల్ తింటున్నారు. నేను పాస్‌పోర్టుల సంచి తెరిచి చూసి, మూసి, మళ్ళీ తెరిచాను. మా పెద్దది అద్విక స్పూన్ ఆపి, "అమ్మా, ఆర్ యూ స్కేర్డ్?" అంది. ప్రణీత్ నా బదులు జవాబు చెప్పబోయాడు, ఆ జవాబు ఏమిటో నాకు తెలుసు. నేను కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్యలో కూర్చున్నాను.

"అవును, కొంచెం భయంగా ఉంది. అక్కడ కార్డు పనిచేయకపోతే, డబ్బులు దొరక్కపోతే ఎలాగా అని. అలా జరిగితే మీకు అర్థమయ్యే మాటల్లో మీతోనే చెప్తాను. అప్పుడు నలుగురం కలిసి ఎవర్నో ఒకర్ని అడుగుదాం. అప్పటిదాకా భయపడే డ్యూటీ నాది, షూస్ వేసుకునే డ్యూటీ మీది."